రిబ్ మీద మద్రాసు పేరు, అడుగున బర్మింగ్‌హామ్ ముద్రలు: ఈ తుపాకీ ఎవరు చేసినట్టు?

గోదారిగట్టు

పన్నెండు బోరు, పక్కపక్కన రెండు గొట్టాలు, హ్యామర్లు బయటికి కనిపించని రకం. గొట్టాల మధ్య అతికిన పట్టీ, అంటే రిబ్ మీద "పి. ఆర్ అండ్ సన్స్, మద్రాస్" అని చెక్కి ఉంది. లైసెన్సు పుస్తకంలో తయారీదారు గడిలోనూ అదే రాశారు. పి. ఆర్ అంటే మౌంట్ రోడ్డులో గడియారాలు, నగలు అమ్మిన కంపెనీ కదా. వాళ్లు తుపాకులు కూడా చేశారా?

గొట్టాలు ఊడదీసి బోర్లా పెడితే చదునుగా ఉన్న చోట ఈ ముద్రలున్నాయి: కిరీటం కింద బి.వి., కిరీటం కింద బి.పి., కిరీటం కింద ఎన్.పి. డైమండ్ గడిలో 12, దాని కింద సి. పక్కన 13/1. ఎడమ గొట్టానికి మాత్రం "చోక్", అంటే మూతి దగ్గర ఇరుకు, అనే మాట. వీటిని బట్టి ఎక్కడ, ఎప్పుడు చేశారో చెప్పగలరా?

పన్నెండుబోరు

రిబ్ మీద పేరు అమ్మినవాడిది. చేసిన ఊరు తెలియాలంటే మీరు చెప్పిన ఆ చదును భాగమే చదవాలి. వాడుకలో దాన్ని ఫ్లాట్స్ అంటారు.

బ్రిటన్‌లో పరీక్ష చేయించకుండా తుపాకీ అమ్మడం నేరం. మామూలు తూటా కన్నా బాగా ఎక్కువ మందు వేసి పేల్చి, గొట్టం ఉబ్బలేదని తేలాకే ముద్ర కొడతారు. ఆ పరీక్షాశాలలు రెండే: లండన్‌లో 1637లో చార్టర్ పొందిన గన్‌మేకర్స్ కంపెనీది ఒకటి, బర్మింగ్‌హామ్‌లో 1813 చట్టంతో పెట్టింది రెండోది. బి.వి., బి.పి. అని బి అక్షరంతో మొదలైతే బర్మింగ్‌హామ్. బి.వి. అంటే కంటితో చూసి పాస్ చేశారని, బి.పి. అంటే బ్లాక్ పౌడర్ పరీక్ష, ఎన్.పి. అంటే నైట్రో, అంటే పొగ రాని మందు పరీక్ష. లండన్‌లో నైట్రో పరీక్షైతే కిరీటం బదులు కవచం తొడిగిన చెయ్యి కత్తి పట్టుకున్న బొమ్మ ఉంటుంది.

ఈ మూడు ముద్రలూ 1904 నిబంధనలతో వచ్చాయి. 1921 నుంచి బర్మింగ్‌హామ్ వాళ్లు చిన్న వలయంలో సంవత్సరానికో అక్షరం కొట్టారు, 1921కి ఎ. మీ గొట్టాల మీద అలాంటి వలయం ఉందా?

డైమండ్‌లో 12 సి అంటే పన్నెండు బోరు మామూలు ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది. 13/1 అన్నది గొట్టం లోపలి కొలత, పరీక్ష నాటిది. పన్నెండు బోరు అని తయారైన గొట్టానికి 13/1 ఏమిటని కంగారుపడొద్దు. 12 అంటే 0.729 అంగుళం, 13/1 అంటే 0.719, 13 అంటే 0.710. కొత్త గొట్టాన్ని కాస్త బిగువుగా బోరు చేసేవారు, తర్వాత శుభ్రం చేయడానికి లోహం మిగలాలి కాబట్టి. ఈ అంకె చివర్లో మళ్లీ పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

గోదారిగట్టు

భూతద్దం పెట్టి చూశాను. వలయం ఎక్కడా లేదు.

పన్నెండుబోరు

అయితే 1904కీ 1921కీ మధ్య. అంతకన్నా దగ్గరగా ముద్రలతో చెప్పలేం. సీరియల్ నంబరు అమ్మిన కంపెనీదై ఉంటుంది కాబట్టి దాన్ని బర్మింగ్‌హామ్ లెక్కల్లో వెతికి లాభం లేదు.

లాకుప్లేటు

పి. ఆర్ వాళ్లు చేయలేదు, సరే. మరి ఎవరు చేశారన్న ప్రశ్నకు ఒక్క పేరు జవాబుగా దొరకదు. ఎందుకో చెప్తాను.

బర్మింగ్‌హామ్‌లో సెయింట్ మేరీ చర్చి చుట్టూ లవ్‌డే స్ట్రీట్, ప్రైస్ స్ట్రీట్, స్టీల్‌హౌస్ లేన్, ఆ సందులన్నీ కలిపి గన్ క్వార్టర్ అంటారు. అక్కడ ఒక తుపాకీ ఒకే కప్పు కింద తయారయ్యేది కాదు. గొట్టం చేసేవాడు వేరు, గొట్టాలు రెండూ కలిపి రిబ్ అతికేవాడు వేరు. యాక్షన్, అంటే గొట్టాలు కీలుతో కూర్చునే ఇనుప భాగం, ఫైలు చేసేవాడు, కాల్చిన డొప్పలను బయటికి ఎగరేసే ఎజెక్టర్లు అమర్చేవాడు, కర్ర తొడిగేవాడు, పట్టు కోసం కర్ర మీద చెకరింగ్ గళ్లు గీసేవాడు, చెక్కడం పనివాడు, గట్టిపరిచేవాడు, నలుపు పెట్టేవాడు, ఒక్కొక్కరికీ ఒక్కో గది, ఒక్కో బెంచీ. సగం అయిన తుపాకీని గుడ్డలో చుట్టుకుని కుర్రాళ్లు ఒక మేడమెట్ల నుంచి ఇంకో మేడమెట్లకు మోసేవారు. మన ఊళ్లో పట్టుచీర నూలు పట్టేవాడి దగ్గరనుంచి అద్దకం వాడికి, అక్కడినుంచి మగ్గానికి తిరిగినట్టు.

లాకులు, అంటే పేల్చే యంత్రాంగం, చాలావరకు బర్మింగ్‌హామ్‌లో కూడా కాదు, డార్లాస్టన్, వెడ్నెస్‌బరీ, వుల్వర్‌హాంప్టన్ నుంచి వచ్చేవి. వుల్వర్‌హాంప్టన్‌లో జోసెఫ్ బ్రేజియర్ లాకులకు ఎంత పేరంటే లండన్ మహామహులు కూడా కొనేవారు. లాకుప్లేటు విప్పి లోపలి వైపు చూస్తే జె.బి. అని చిన్న అక్షరాలు కనిపిస్తాయి, పైన మాత్రం లండన్ పేరు బంగారంతో.

ఇలా తయారైన తుపాకీని రిబ్ ఖాళీగా ఉంచి, అడిగినవాడి పేరు చెక్కి పంపేవారు. ఇంగ్లండ్‌లో ప్రతి జిల్లా కేంద్రంలో "గన్‌మేకర్" అని బోర్డు పెట్టుకున్న కొట్టువాడు చేసిందీ ఇదే. కలకత్తాలో, మద్రాసులో కంపెనీలూ అంతే. మీ తుపాకీ గొట్టాల కింద ముందు చేత్తో పట్టుకునే కర్ర పట్టె తీసి గొట్టాల కింది వైపు, యాక్షన్ ఫ్లాట్స్ మీద చూడండి. ఒకటి రెండు అక్షరాల పొడి ముద్రలు ఉంటే అవి పనివాళ్లవి. పేరు లేనివాళ్ల పేర్లు అవే.

మందుకొమ్ము

చరిత్ర కాస్త వెనక్కి వెళ్తే బాగుంటుంది. ఈ జంట గొట్టాల ఆకారం ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే 1904 ముద్రలు ఒంటరిగా మిగిలిపోతాయి.

చెకుముకి రోజుల్లో గొట్టాలు మూడు అడుగుల పైన ఉండేవి. మందు ఒక చివరనుంచి నెమ్మదిగా అంటుకునేది, పూర్తిగా కాలడానికి పొడుగు కావాల్సివచ్చేది. 1787లో హెన్రీ నాక్ పేటెంట్ బ్రీచ్ తెచ్చాడు. గొట్టం అడుగున చిన్న అర, అందులోంచి నిప్పు మందు మధ్యలోకి ఒక్కసారిగా కొడుతుంది. మందు వేగంగా కాలింది, గొట్టం 30 అంగుళాలకు దిగింది. పొట్టి గొట్టాలు రెండు పక్కపక్కన పెట్టినా చేతిలో మోయగలిగే బరువే. ఎగిరే పిట్టను కొట్టే ఆట ఇంగ్లండ్‌లో అప్పటినుంచి ఊపందుకుంది.

జోసెఫ్ మాంటన్ దానికి రూపం ఇచ్చాడు. 1806లో ఎత్తు రిబ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. లేచే పిట్టకు కిందుగా గుళ్లు పోతుంటే రిబ్ వెనక వైపు ఎత్తు చేసి, చూపుకన్నా పైకి కొట్టేలా చేశాడు. మాంటన్ దగ్గర పనిచేసిన జేమ్స్ పర్డీ 1814లో సొంతంగా పెట్టుకున్నాడు. గురువు మాత్రం పేటెంట్ కోర్టుల్లో డబ్బు తగలేసుకుని 1826లో దివాలా తీశాడు.

ఇక అలెగ్జాండర్ ఫోర్సైత్. స్కాట్లాండ్‌లో బెల్‌హెల్వీ అనే ఊరి చర్చి పాస్టరు. చెకుముకి తుపాకీలో పళ్లెంలోని మందు ముందు భగ్గుమంటుంది, ఆ మెరుపు చూసి బాతు నీళ్లలో మునిగిపోతుంది. ఆయన సమస్య అంతే. దెబ్బ తగిలితే పేలే ఫల్మినేట్ పొడి వాడి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. పొడి నింపే డబ్బీ అత్తరు సీసాలా ఉండడంతో ఆ లాకును సెంట్ బాటిల్ లాక్ అన్నారు. దాని వెనకే రాగి టోపీలు వచ్చాయి.

వెనకనుంచి తూటా పెట్టే పద్ధతి ఫ్రెంచి వాళ్లది. 1851లో లండన్ క్రిస్టల్ పాలెస్ ప్రదర్శనలో పక్కకు పిన్ను పొడుచుకొచ్చిన తూటా పేల్చే లెఫోషో పిన్‌ఫైర్ తుపాకీ చూసి, జోసెఫ్ లాంగ్ ఇంగ్లండ్‌లో అలాంటిది చేయడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు కొన్నేళ్లపాటు ముక్కు విరిచారు. నడుం విరిచి తెరిచే తుపాకీ గట్టిగా ఉండదని వాళ్ల వాదన. ఆ వాదన పూర్తిగా తప్పేం కాదు. తర్వాతి 30 ఏళ్లూ అందరి బుర్రలూ పనిచేసింది ఆ నడుం గట్టిపరచడం మీదే. 1862లో వెస్ట్‌లీ రిచర్డ్స్ గొట్టాల వెనక పొడుచుకొచ్చి యాక్షన్‌లో ఇరుక్కునే డాల్స్ హెడ్ అనే ముక్క, 1863లో పర్డీ జారే బోల్టు, 1865లో విలియం మిడిల్‌డిచ్ స్కాట్ తెరవడానికి పైన తోసే టాప్ లివర్ కింద స్పిండిల్ అనే ఇరుసు. ఈ చివరి రెండూ కలిసి ఇప్పటికీ దాదాపు ప్రతి జంట గొట్టాల తుపాకీలోనూ ఉన్నాయి. గోదారిగట్టు గారి దాంట్లోనూ ఉంటాయి, పందెం.

తెల్లచీర్ల

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఆ రోజుల్లో మంచి గొట్టాలు డమాస్కస్ ఉక్కువి కదా. డమాస్కస్ ఉక్కు అంటే మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కే. అంటే ఇంగ్లీషు తుపాకీ గొట్టం మన కమ్మర్ల పనే అని చెప్పుకోవచ్చా?

ఉక్కుపిడి

చెప్పుకోకూడదండి. ఈ పొరపాటు తెలుగులో ప్రతి చోటా కనిపిస్తుంది. పేరొకటే, వస్తువులు రెండు.

కోనసముద్రంలో చేసింది మూసలో కరిగించిన ఉక్కు. ఇనుమూ కర్బన పదార్థమూ మట్టి మూసలో మూసి, రోజుల తరబడి కాదు గానీ గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లారనిస్తే గుండ్రటి దిమ్మ వస్తుంది. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయారు. దాంతో చేసిన కత్తి మీది నీటి అలల గీతలు ఉక్కు చల్లారేటప్పుడు లోపల పేరుకున్న కార్బైడ్లవి. ఇంగ్లీషు వాళ్లు వూట్జ్ అన్నమాట మన "ఉక్కు" నుంచే.

తుపాకీ గొట్టపు డమాస్కస్ కరిగించిందే కాదు. మెత్తని ఇనుము పలకలు, ఉక్కు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కాల్చి, సుత్తితో అతికి, సన్నని చదరపు కడ్డీగా సాగదీస్తారు. కడ్డీని ఎర్రగా కాల్చి ఒక చివర బిగించి జంతికల పిండి మెలేసినట్టు మెలేస్తారు. ఇలాంటివి రెండో మూడో, పక్కదానికి ఎదురు మెలికతో, పక్కపక్కన పెట్టి అతికితే ఒక పట్టీ. ఆ పట్టీని ఇనుప కడ్డీ చుట్టూ పాము చుట్టలా చుట్టి, కొంచెం కొంచెం కాలుస్తూ అంచులు అతుకుతారు. తర్వాత లోపల బోరు, బయట సాన. చివర యాసిడ్ లాంటి బ్రౌనింగ్ ద్రావణం పెడితే ఇనుము ఒక రంగు, ఉక్కు ఒక రంగు తేలి గుండ్రాలు గుండ్రాలుగా కనిపిస్తాయి. బర్మింగ్‌హామ్ ఇది చేసింది, బెల్జియంలో లియేజ్ ఇంకా ఎక్కువ చేసింది. లియేజ్ గొట్టాలు తెప్పించి అమర్చిన బర్మింగ్‌హామ్ తుపాకులు కొల్లలు.

దీంట్లో బలహీనత ఎక్కడంటే, గొట్టం పొడవునా ఒక అతుకు గిరికీలు కొడుతూ ఉంటుంది. సుత్తి దెబ్బ మధ్య మసిబొట్టు ఇరుక్కుంటే అక్కడ అతకదు. దాన్ని గ్రేస్ అంటారు, బూడిదరంగు చుక్కలా కనిపిస్తుంది. లోపలినుంచి తుప్పు ఆ గీత పట్టుకుని పోతే పైకి ఏమీ కనిపించదు.

1865లో జోసెఫ్ విట్‌వర్త్ కరిగిన ఉక్కును ఒత్తిడి పెట్టి పోసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక, 1880 ప్రాంతంలో పర్డీ లాంటివాళ్లు ఆ ఉక్కు గొట్టాలకు మారారు. గోదారిగట్టు గారిది గొట్టం నలుపు కింద గీతలు లేకుండా నున్నగా ఉంటే ఉక్కుదే.

పన్నెండుబోరు

డమాస్కస్ అనగానే చేతబాంబు అనేవాళ్ల కోసం ఒక మాట. నైట్రో ముద్ర పడిన డమాస్కస్ గొట్టాలు బ్రిటన్‌లో ఇప్పటికీ వాడుతున్నారు. నైట్రో ముద్ర లేనివాటిలో ఆధునిక తూటా పెట్టడమే ప్రమాదం, డమాస్కస్ అయినా ఉక్కు అయినా.

ముంగిస

మా ఊరి తుపాకులన్నీ బాక్స్‌లాక్‌లే. సైడ్‌లాక్ అంటే ధర నాలుగింతలు. పక్కన పలక పెట్టి దాని మీద పూలు చెక్కడానికా అంత డబ్బు?

లాకుప్లేటు

సగం అందుకే, ఒప్పుకుంటాను. మిగతా సగం చూద్దాం.

బాక్స్‌లాక్ 1875లో బర్మింగ్‌హామ్‌లో వెస్ట్‌లీ రిచర్డ్స్ దగ్గర పనిచేసిన విలియం ఆన్సన్, జాన్ డీలీ చేసింది. అంతకుముందు హ్యామర్ లేని తుపాకులు లేకపోలేదు, 1871లో మర్కాట్ చేశాడు, కానీ వాటిని లివర్ తోసి కాక్ చెయ్యాలి, అంటే లోపలి సుత్తిని పేలడానికి సిద్ధంగా నిలపాలి. ఆన్సన్, డీలీ గొట్టాలనే మీటగా వాడారు. గొట్టాలు కిందికి వంచగానే కర్ర పట్టె లోపలి ఇనుము యాక్షన్ బార్‌లో, అంటే గొట్టాల కింద ముందుకు చాచిన ఇనుములో ఉన్న రెండు కాకింగ్ లివర్ల ముక్కులు కిందికి నొక్కుతుంది, వెనక చివర లేచి టంబ్లర్‌ను, అంటే లోపలి సుత్తిని, పైకి తోస్తుంది, సియర్ అనే కొక్కెం దాన్ని పట్టుకుంటుంది. ఒక్కో వైపు టంబ్లర్, సియర్, మెయిన్‌స్ప్రింగ్, లివర్. అంతే. ఇంత తక్కువ ముక్కలతో అంతకుముందు ఎవరూ చేయలేదు. పేటెంటు 14 ఏళ్లు, 1889లో అయిపోయింది. ఆ తర్వాత బర్మింగ్‌హామ్ మొత్తం అదే చేసింది.

లోపం కూడా అక్కడే ఉంది. ఆ ముక్కలకోసం యాక్షన్ బార్‌ను కింద నుంచి తొలుస్తారు. బార్, నిలువు ముఖం కలిసే మూల దగ్గర లోహం తగ్గిపోతుంది, పేలినప్పుడు వంగే శక్తంతా ఆ మూల మీదే. బరువైన తూటాలు చాలా ఏళ్లు కాల్చిన బాక్స్‌లాక్‌లో వెంట్రుకంత పగులు ముందుగా వెతకాల్సింది అక్కడ. ఇంకొకటి, మామూలు బాక్స్‌లాక్ సేఫ్టీ ట్రిగ్గర్లనే ఆపుతుంది. కింద పడితే సియర్ జారొచ్చు.

సైడ్‌లాక్‌లో లాకు మొత్తం పక్క పలక మీద ఉంటుంది, బార్ గట్టిగా మిగులుతుంది. మంచివాటిలో సియర్ జారితే టంబ్లర్‌ను మధ్యలో పట్టుకునే రెండో సియర్ ఉంటుంది. టంబ్లర్, సియర్ దూరం ఎక్కువ కాబట్టి ట్రిగ్గర్ లాగు శుభ్రంగా తెగుతుంది. ముందు ట్రిగ్గర్ మూడున్నర, నాలుగు పౌన్లు, వెనకది ఇంకో అర పౌను ఎక్కువ పెట్టడం అలవాటు. ఎందుకంటే మొదటి దెబ్బకు చెయ్యి బిగుసుకుని రెండోది తనంతట లాగేసే అవకాశం ఉంది.

మూడో పద్ధతి మరిచిపోవద్దు: ఎడిన్‌బరోలో జాన్ డిక్సన్ రౌండ్ యాక్షన్. లాకు పక్కనా కాదు, బార్‌లోనూ కాదు, ట్రిగ్గర్ ప్లేటు మీద. నా లెక్కలో ఈ మూడింట్లోకీ తెలివైనది అదే, కానీ చేయడం కష్టం, అమ్మడం ఇంకా కష్టం.

మందుకొమ్ము

పర్డీ సైడ్‌లాక్ గురించి ఒక ముక్క. అది ఫ్రెడరిక్ బీస్లీ 1880 పేటెంటు, పర్డీ కొనుక్కుంది. మెయిన్‌స్ప్రింగ్‌లో ఒక కొమ్మ పేల్చడానికి, రెండోది తెరవడానికి. లివర్ తోయగానే గొట్టాలు వాటంతట అవే పడతాయి. ఆ శక్తి మూసేటప్పుడు మన చెయ్యి ఇవ్వాలి కాబట్టి మూత బిగువుగా ఉంటుంది. తెలియనివాళ్లు "ఎక్కడో పట్టేసింది" అని నూనె పోసి పోసి కర్రను పాడుచేస్తారు. అది పట్టేయడం కాదు, పని చేయడం.

ఎజెక్టర్లకు థామస్ సౌత్‌గేట్ 1893 పద్ధతే దాదాపు అందరూ తీసుకున్నారు. స్ప్రింగు మధ్యరేఖ దాటగానే సుత్తి ఎగురుతుంది, పెన్‌నైఫ్ మూసినట్టు. లండన్ బాస్ తుపాకీ కంపెనీలో జాన్ రాబర్ట్‌సన్ 1894లో సింగిల్ ట్రిగ్గర్ సాధించాడు, 1909లో గొట్టాలు ఒకదాని మీద ఒకటి పెట్టిన తుపాకీ చేశాడు. ఇవన్నీ వివరంగా రాస్తే ఈ చర్చ ఇక్కడితో తెగదు.

గోదారిగట్టు

పందెం మీరే గెలిచారు, టాప్ లివర్, గొట్టాల కింద యాక్షన్‌లోకి దిగే దిమ్మలు, అంటే రెండు గాట్లున్న లంప్‌లు, బాక్స్‌లాక్. గొట్టాలు నున్నగానే ఉన్నాయి. నలుపు మాత్రం పోయింది, అక్కడక్కడా తెల్లబడింది. దగ్గరలో ఒకరు రసాయనం తొట్టిలో ముంచి ఒక్కరోజులో నల్లగా చేసిస్తామంటున్నారు. ఇవ్వొచ్చా?

ఉక్కుపిడి

ఇవ్వకండి. ఈ ఒక్క పొరపాటుతో పాడైన ఇంగ్లీషు గొట్టాలు లెక్కలేనన్ని.

గొట్టాల జత ఎలా నిలబడిందో చూడండి. వెనక చివర, లంప్‌లు ఉన్న చోట, ఇత్తడితో బ్రేజింగ్. మంచి తుపాకీలో ఒక్కో గొట్టంతో పాటు సగం లంప్ కూడా ఒకే ముక్కగా ఉంటుంది, రెండు సగాలు కలిపి అతుకుతారు. దాన్ని చాపర్ లంప్ అంటారు. ముందుకు వెళ్లేకొద్దీ పైన ఒక రిబ్, కింద ఒక రిబ్, రెండూ తగరం సీసం టంకంతో అతికినవి. ఆ టంకం 200 డిగ్రీల అటూ ఇటూ కరుగుతుంది. ఎందుకంత మెత్తని టంకం అంటే, గొట్టాలను మళ్లీ ఎర్రగా కాల్చితే వంకర పోతాయి.

ఒక్కరోజులో నల్లబడే తొట్టిలో ఉండేది మరుగుతున్న కాస్టిక్ ఉప్పు. అది టంకాన్ని తినేస్తుంది. రిబ్ వెంటనే ఊడకపోవచ్చు. ఉప్పు రిబ్‌ల మధ్య ఖాళీలోకి చేరి, ఎంత కడిగినా బయటికి రాక, లోపలినుంచి తుప్పు పట్టిస్తూ ఉంటుంది. ఏడాది తర్వాత రిబ్ అంచునుంచి తెల్లగా పొడి రాలితే సంగతి అర్థమవుతుంది.

ఈ గొట్టాలకు పనికొచ్చేది తుప్పు నలుపు. పాత నలుపు తీసి, సన్నని ఎమెరీతో పొడవునా రుద్ది, రెండు చివరలూ కర్ర బిరడాలతో మూసి, సుద్దపొడితో జిడ్డు మొత్తం తీసేస్తారు. వేలు ముద్ర పడితే ఆ ముద్ర ఆకారంలోనే నలుపు పట్టదు. ద్రావణం తడి లేనంత పల్చగా ఒక్క రాపుతో రాసి, తేమ గదిలో వేలాడదీస్తే కొన్ని గంటల్లో ఎర్రటి తుప్పు మీగడలా లేస్తుంది. దాన్ని మరుగునీళ్లలో ఉడికిస్తే ఎర్ర తుప్పు నల్ల తుప్పవుతుంది. సన్నని తీగ బ్రష్‌తో దులపాలి. మళ్లీ రాయాలి. ఆరు నుంచి పది సార్లు. వారం పట్టే పని. మన కోస్తా వానాకాలంలో తేమ గది అక్కర్లేదు, అదే ఇబ్బంది కూడా, తుప్పు ముతకగా లేచి గుంటలు పడుతుంది. రాసిన గంటకోసారి చూడాలి.

ముందుగా ఒక పరీక్ష. గొట్టాలు ఊడదీసి, ముందు లంప్ కొక్కేన్ని వేలికి తగిలించి వేలాడదీసి, గోరుతో తట్టండి. గుడి గంటలా మోగి కాసేపు నిలిచిందంటే రిబ్‌లు గట్టివి. చిల్లు కుండలా జీరగా మోగితే ఎక్కడో టంకం వదిలింది. అప్పుడు నలుపు సంగతి తర్వాత, ముందు రిబ్ మళ్లీ అతకాలి.

గోదారిగట్టు

మోగింది. జీర లేదు.

పన్నెండుబోరు

అయితే ఇంకో మూడు చూడండి.

కర్ర పట్టె తీసేసి, గొట్టాలు మూసి, పిడి ఒక చేత్తో, గొట్టాలు ఒక చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదపండి. పట్టె ఉంటే దాని స్ప్రింగు ఆటను దాచేస్తుంది, అమ్మేవాళ్లు పట్టె తీయనివ్వకపోవడానికి కారణం అదే. తర్వాత గొట్టాల వెనక ముఖం, యాక్షన్ ముఖం మధ్య వెలుతురు కనిపిస్తుందేమో దీపానికి ఎదురుగా చూడండి. కనిపిస్తే కీలు దగ్గర కొక్కెం అరిగింది. టాప్ లివర్ కూడా చెప్తుంది: కొత్తలో మూసినప్పుడు మధ్యరేఖకు కాస్త కుడివైపు ఆగుతుంది, అరిగేకొద్దీ ఎడమకు జరుగుతుంది.

అరిగిన కీలుకు సరైన మందు పెద్ద పిన్ను వేయడం, లేదా కొక్కెంలో కొత్త ముక్క డోవ్‌టెయిల్ చేసి మళ్లీ మసి పెట్టి కూర్చడం. కిరసనాయిలు దీపం మసి ఒక ముఖానికి పూసి మూసి తెరిస్తే తగిలిన చోటే నలుపు అంటుకుంటుంది, అక్కడ మాత్రం ఆకురాయితో ఒక్క రాపు. మళ్లీ మసి, మళ్లీ రాపు. నలుపు ముఖమంతా సమంగా అంటుకునేదాకా వందసార్లైనా సరే. కర్ర తొడిగేవాడి పద్ధతీ ఇదే, ఆకురాయి బదులు ఉలి. సరికాని మందు ఏమిటంటే కొక్కేన్ని పంచ్ పెట్టి కొట్టి ఉబ్బించడం. రెండు డజన్ల తూటాలకు మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి సరిచేయడానికి లోహం మిగలదు.

మూడోది గొట్టం మందం. లోపలి బోరు వెనక చివరనుంచి 9 అంగుళాల దగ్గర కొలవాలి, గోడ మందం పొడవునా. వర్క్‌షాపులో గేజి ఉన్నవాళ్లతో కొలిపించండి.

గోదారిగట్టు

ఆట లేదు, వెలుతురు లేదు, లివర్ దాదాపు మధ్యలో. బోరు కుడి 0.723, ఎడమ 0.724. గోడ మందం అన్నిటికన్నా తక్కువ: కుడి 24 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), ఎడమ 19 థౌ, ఎడమది వెనకనుంచి 14 అంగుళాల దగ్గర. చోక్ కుడికి 5 థౌ, ఎడమకు 20. ఎడమ గొట్టానికి ఆ 14 అంగుళాల దగ్గరే బయట రెండంగుళాల మేర ఒక చదును మెరుస్తోంది.

ఉక్కుపిడి

ఆ చదునే మీ 19 థౌకి కారణం. అక్కడ ఎప్పుడో సొట్ట పడింది. సొట్ట తీయడమంటే లోపల సరిపడే ప్లగ్ పెట్టి బయట చిన్న సుత్తితో తడుతూ లోహాన్ని తిరిగి లేపడం. ఎవరో ఓపిక లేక చుట్టూ ఎత్తుగా ఉన్న లోహాన్ని ఆకురాయితో రాసేసి సమం చేశారు. పైకి నున్నగా కనిపించింది, గోడ పల్చబడింది. లోపల గొట్టంలోంచి కిటికీ కమ్మీ వైపు చూడండి. గొట్టం లోపల కమ్మీ నీడ ఒక నల్ల గీతలా పొడవునా పడుతుంది. మంచి చోట గీత తాడు లాగినట్టు నిటారుగా ఉంటుంది, సొట్ట చోట వంగి, విరిగి, మళ్లీ కలుస్తుంది. గొట్టాలు సరిచేసే పనివాడు జీవితమంతా చూసింది ఆ నీడనే.

పన్నెండుబోరు

ముందు చెప్పిన 13/1 ఇప్పుడు పనికొస్తుంది. పరీక్ష నాడు 0.719. పాత ముద్రల లెక్కలో బోరు తర్వాతి మెట్టుకు, అంటే 0.729కి చేరితే పరీక్ష చెల్లదు. మీది 0.724. కాబట్టి కాగితం మీద చెల్లుతుంది. కానీ చట్టం బోరు చూస్తుంది, గోడ మందం చూడదు. పనివాళ్లు 20 థౌ కింద ఉంటే ముఖం చిట్లిస్తారు.

చోక్ సంగతి: ఎడమ 20 థౌ అంటే హాఫ్ చోక్. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో 60 శాతం గుళ్లు పడాలి. ఇంగ్లీషు ఆరో నంబరు ఔన్సుకు 270, ఔన్సు పై పదహారో వంతు తూటాలో 287. అంటే వలయంలో 172 అటూ ఇటూ. కుడి 5 థౌ, దాదాపు 50 శాతం. ఆ కాలపు బర్మింగ్‌హామ్ అలవాటుకు సరిగ్గా సరిపోతుంది.

లాకుప్లేటు

ఛాంబర్ పొడవు కొలిచారా? ఆ కాలానివి రెండున్నర అంగుళాలు, వాడుకలో 65 మిల్లీమీటర్లు అంటారు. ఇప్పటి పెట్టెల మీద 70 అని ఉంటుంది. అది పేలి విచ్చుకున్నాక పొడవు. పేలకముందు నోరు మడిచి ఉంటుంది కాబట్టి 70 తూటా 65 ఛాంబర్‌లో చక్కగా దూరుతుంది, మూత పడుతుంది, ఏ హెచ్చరికా ఉండదు. పేలినప్పుడు మడత విప్పుకుని ముందున్న సన్నని కోన్‌లోకి పోయి దారి ఇరుకు చేస్తుంది, ఒత్తిడి ఎక్కడికో పోతుంది. పాత తుపాకులు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే. ఛాంబర్‌ను రీమరు పెట్టి పెంచమనేవాళ్లుంటారు. అలా చేస్తే సరిగ్గా ఒత్తిడి ఎక్కువ ఉన్న చోటే గోడ పల్చబడుతుంది, పైగా పాత ముద్రలన్నీ చెల్లకుండా పోతాయి.

నిర్వాహకుడు

తూటాలు ఎక్కడ దొరుకుతాయి, లైసెన్సు, అమ్మకం, వేట, ఇవేవీ ఈ చర్చలో వద్దు. రెండు సందేశాలు తీసేశాను. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం సంగతి అందరికీ తెలుసు. తయారీ, చరిత్ర, మరమ్మతు వరకే.

ముంగిస

సొట్ట గొట్టం తీసేసి కొత్తవి వేయించొచ్చా?

ఉక్కుపిడి

వేస్తారు, దాన్ని స్లీవింగ్ అంటారు. వెనక మూడంగుళాలు లంప్‌లతో సహా ఉంచి, ముందు భాగం కోసేసి, కొత్త గొట్టాలు లోపలికి దూర్చి అతుకుతారు. మళ్లీ పరీక్ష చేయించి "స్లీవ్‌డ్" అని గొట్టం మీద ముద్ర కొట్టాలి. అతుకు గీత కనపడకుండా చెక్కడంతో కప్పుతారు, వేలి గోరుకు మాత్రం తెలుస్తుంది. బర్మింగ్‌హామ్‌లో ఇంకా చేసేవాళ్లున్నారు, కానీ 1960ల్లో రింగ్ రోడ్డు గన్ క్వార్టర్‌లో సగం తినేశాక మిగిలింది కొద్దిమందే. ఈ తుపాకీకి అది ఖర్చు దండగ.

గోదారిగట్టు

సరే అండి. ఛాంబర్ 65 ఉంది. ఇంకొకటి గమనించాను, కర్ర యాక్షన్‌కు తగిలే చోట నల్లగా, మెత్తగా అయిపోయింది. గోరు గుచ్చితే దిగుతోంది.

లాకుప్లేటు

నూనె. తుపాకీ కర్ర మడమ, అంటే భుజానికి ఆనే చివర, కిందికి పెట్టి నిలబెట్టినన్నాళ్లూ లాకులో పోసిన నూనె కర్ర తలలోకి దిగింది. అక్కడ చెక్క వేలు మందం కూడా ఉండదు, దెబ్బంతా దాని మీదే పడుతుంది. మెత్తబడితే యాక్షన్ వెనక్కి జరిగి కర్రను రెండుగా చీలుస్తుంది.

కర్రను విడిగా తీయించండి. స్లాట్లు సన్నగా ఉంటాయి, కొట్లో దొరికే స్క్రూడ్రైవర్ పెడితే తలలు చితికిపోతాయి, స్లాట్ మందానికి సరిగ్గా రాయి మీద అరగదీసిన బ్లేడు కావాలి. విప్పిన స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రంలోకే వెళ్లాలి, అన్నీ ఒకేలా కనిపించినా కావు. తల మీద సుద్దపొడి ముద్దగా చేసి పట్టించి ఎండలో ఉంచితే నూనె పీలుస్తుంది. పొడి పచ్చబడ్డాక దులిపి మళ్లీ కొత్తది. నెల పట్టొచ్చు. పొడి తెల్లగానే మిగిలిన రోజున అవిసె నూనె వేలితో, చుక్క చుక్కగా, చేత్తో వేడి పుట్టేలా రుద్దండి.

ఆ తర్వాత బీరువాలో మూతి కిందికి పెట్టి నిలబెట్టండి, మూతి కింద ఒక ఫెల్టు ముక్క వేసి.